తిలోత్తమ వారి ధైర్య సదస్సు

విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉన్న మేడలన్నిటికన్నా తెల్లటి మేడ తిలోత్తమ కాస్మెటిక్ సర్జరీ సెంటర్‌ది. వంకర ముక్కులు సరిచేయడం, పొట్టల్లో కొవ్వు లాగడం, బట్టతలల మీద నాట్లు వేయడం, రొమ్ములు చిన్నవని దిగులుపడేవాళ్లకు సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టి దిగులు తీర్చడం అక్కడి నిత్యకృత్యాలు. క్యాన్సర్ వల్ల రొమ్ము తీయించుకున్నవాళ్లకు కొత్తది అమర్చడం కూడా ఉండేది గాని, ఆ సంగతి బ్రోషర్లో చివరి పేజీలో, అడుగున వేసేవారు. నవ్వే మొహాల మధ్య అది బాగుండదని డైరెక్టరు గారి అభిప్రాయం.

ఆ డైరెక్టరు డాక్టర్ మన్మథరావు. పేరు వ్యాపారం కోసం పెట్టుకున్నది కాదు. టెక్కలి దగ్గర పుట్టినవాడు కాబట్టి మామూలుగానే తాత పేరు వచ్చింది. అయినా బోర్డు మీద ఆ పేరు చూసి లోపలికి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు.

పైడిరత్నం అక్కడ పదకొండేళ్లుగా రికార్డుల గుమస్తా. నాలుగేళ్ల కిందటి దాకా ఆమెకు రికార్డులు కూడా ఉండేవి. ఆ ఏడు ఒకావిడ ఆపరేషన్ కాగితాలు పొరపాటున ఆవిడ అత్తగారి చేతిలో పడ్డాయి. అత్తగారు ఆసుపత్రి హాల్లో నిలబడి చేసిన ప్రసంగం సముద్రం దాకా వినిపించింది. మర్నాడే అడ్మినిస్ట్రేటర్ కోదండపాణి గారు గోప్యతా విధానం అనే కొత్త పద్ధతి తెచ్చారు. ఆయన రెవెన్యూ శాఖలో రిటైరై వచ్చిన మనిషి. మామూలు తెలుగు మాట్లాడితే పెన్షన్ ఆగిపోతుందేమో అన్నట్టు ఉండేది ఆయన భాష.

"రహస్యము మనకు తెలిసియున్నంత కాలము అది వెల్లడియగు ప్రమాదము కలదు. కావున మనకే తెలియకుండుట శ్రేయస్కరము" అని ఉత్తర్వు వేసి, రిజిస్టర్లన్నీ ముక్కలు చేసే యంత్రంలో వేయించారు. అప్పటినుంచి ఇంప్లాంట్ డబ్బాతో పాటు వచ్చే నంబరు చీటీలు కూడా చెత్తబుట్టలోకే వెళ్లాలి. పైడిరత్నానికి అదొక్కటీ చేతకాలేదు. నంబరున్న కాగితం పారేయడం అంటే ఆమెకు అన్నం పారేసినట్టు. చీటీలను ఏరి, ఒక లాంగు నోటుబుక్కులో అంటించి, పక్కన పేరు, ఫోన్ నంబరు, తేదీ రాసి, సొరుగులో పెట్టుకునేది. దాని వల్ల ఉపయోగం ఉంటుందని గాని, ముప్పు ఉంటుందని గాని ఆమె అనుకోలేదు.

ఇలా ఉండగా ఒక సోమవారం ఇంప్లాంట్లు తయారుచేసే విదేశీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ కింది నంబర్లు గల సరుకులో పై పొర పగిలి లోపలి జెల్ బయటికి వచ్చే అవకాశం ఉంది, వాడినవారికి వెంటనే తెలియజేసి స్కానింగ్ చేయించండి అని దాని సారాంశం. రెండో పేజీ నిండా నంబర్లు.

డైరెక్టరు గారు ఆ ఉత్తరం చదివి ఏసీ పెంచమన్నారు. కోదండపాణి గారు రెండుసార్లు చదివి ఊపిరి పీల్చుకున్నారు.

"అవకాశము కలదు అన్నారే గాని పగిలినది అనలేదు. కనుక ప్రస్తుతానికి చిక్కు ఇంప్లాంటులో లేదు, పగులు అను పదములో కలదు. ముందు దానిని తొలగించెదము."

ఆ సాయంత్రమే సర్క్యులర్ నంబరు ఒకటి వెలువడింది. తిలోత్తమ ఆవరణలో ఇకమీదట 'పగులు' అనరాదు. 'ఆకృతి విముక్తి' అనవలెను. 'లీకు' అనరాదు. 'అంతర్గత సంచారము' అనవలెను. సిబ్బంది అందరూ సంతకం చేశారు. మర్నాడు ఆయా గౌరమ్మ రెండు ముక్కలు పట్టుకొని వచ్చి, "బాబూ, మీ టీ కప్పు ఆకృతి విముక్తి పొందీసిందండి, టీ అంతా అంతర్గత సంచారం చేసీసింది" అంది. కోదండపాణి గారు ఆమెను నలుగురిలో మెచ్చుకున్నారు. కప్పుకు మాత్రం జీతంలో కోత పెట్టారు.

టీవీలో ఈ సరుకు వార్త బుధవారం వచ్చింది. గురువారం ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ దగ్గర పైడిరత్నాన్ని కూర్చోబెట్టి, చేతికి ఒక కాగితం ఇచ్చారు. దాంట్లో ఉన్నది చదవాలి, లేనిది మాట్లాడకూడదు.

"నమస్కారం. తిలోత్తమకు ఫోన్ చేసినందుకు ధన్యవాదాలు. మీ ఇంప్లాంట్ ఎక్కడికీ పోలేదు, మీతోనే ఉంది. దయచేసి నవ్వుతూ ఉండండి."

అరవై మందికి చదివింది. అరవై ఒకటో గొంతు వినగానే కాగితం పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. ఆ గొంతు సుభాషిణి టీచరుది. భీమిలిలో హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. మూడేళ్ల కిందట క్యాన్సర్ వల్ల ఎడమ రొమ్ము తీసేశాక, తిలోత్తమలో కొత్తది అమర్చారు. ఆపరేషన్ రోజున మత్తు ఎక్కేదాకా పైడిరత్నం చెయ్యి పట్టుకొని, "ఇది షోకు కాదమ్మా, ప్రార్థన వేళ ఐదొందల మంది పిల్లల ముందు నిలబడాలి. ఒక పక్క ఖాళీగా ఉంటే వాళ్లు నా మాట వినరు, అదే చూస్తారు" అని చెప్పుకున్న మనిషి.

"ఎవరు, రత్నమా? టీవీలో ఏమిటో చెప్తున్నారు. నాకు ఈమధ్య ఎడమ పక్క గట్టిగా ఉంటోంది. రమ్మంటావా?"

కోదండపాణి గారు పక్కనే నిలబడి ఉన్నారు. పైడిరత్నం కాగితం చదివింది. నవ్వుతూ ఉండండి అనేదాకా చదివింది.

"నువ్వు చెప్పేవు కాబట్టి ఇంక బెంగ లేదు" అని టీచరు ఫోన్ పెట్టేసింది.

అరవై రెండో ఫోన్ చాలాసేపు మోగాక గాని పైడిరత్నం ఎత్తలేదు.

మూడు వారాలకు టీచరు స్వయంగా వచ్చింది. చంకలో నిమ్మకాయంత గడ్డ. మనిషి సగమైపోయింది. ఒకసారి క్యాన్సర్ చూసినవాళ్లకు గడ్డ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ సరికి తిలోత్తమలో డాక్టరును నేరుగా చూసే వీలు లేదు. భయ నిర్ధారణ సంఘం ఏర్పడింది. దాని సభ్యులు ఇద్దరు, మన్మథరావు గారు, కోదండపాణి గారు. ఇద్దరికీ ఇంప్లాంట్లు లేవు కాబట్టి నిష్పాక్షికులు.

"తమ ఇంప్లాంటు నంబరు సెలవియ్యండి" అన్నారు కోదండపాణి గారు.

"నాకు తెలీదండి. మీ రిజిస్టర్లో ఉంటుంది కదా."

"గోప్యతా విధానము ననుసరించి మా వద్ద ఎట్టి రిజిస్టరును లేదు."

"మరి నంబరు ఇంకెక్కడ ఉంటుంది?"

"ఇంప్లాంటు వెనుక భాగమున ముద్రింపబడి యుండును."

టీచరు తన ఎడమ పక్కకు ఒకసారి చూసుకుంది. "అది చూసేదెలాగండి?"

"బయటికి తీయించుకొనవలెను. అయితే ఒక్క విషయము. బయటికి తీసిన ఇంప్లాంటుకు మా గ్యారంటీ వర్తించదు."

"అంటే లోపలుంటే నంబరు తెలీదు, నంబరు తెలిస్తే గ్యారంటీ ఉండదు."

"తమరు ఉపాధ్యాయులు కనుక వెంటనే గ్రహించినారు" అని కోదండపాణి గారు సంతోషించి, భయ నమోదు పత్రం ఆమె చేతికి ఇచ్చారు. నాలుగు పేజీలు. భయము మొదలైన తేదీ, సమయము. భయము నిలకడగా ఉన్నదా, వచ్చి పోవుచున్నదా. భయమునకు సాక్షులు ఇద్దరు, వారి ఆధార్ నకళ్లు. భయము ఏ వైపు?

టీచరు కళ్లజోడు పెట్టుకొని, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. చివరి ప్రశ్న దగ్గర, "ఎడమవైపు. కుడిది నాదే" అని రాసింది.

వారం తిరక్కుండా సంఘం జవాబు తయారైంది. టైపు చేసింది పైడిరత్నమే. "తమ భయమును సంఘము సానుభూతితో పరిశీలించినది. అయితే తమ భయము టీవీలో వార్త వచ్చిన రోజునే మొదలైనందున, ఇది తమ స్వంత భయము గాక సదరు ఛానెల్ వారి భయముగా నిర్ధారించడమైనది. కావున నివారణ కొరకు ఛానెల్ వారిని సంప్రదించవలెను."

ఆ కాగితం సంతకానికి తీసుకువెళ్లినప్పుడు బల్ల మీద కంపెనీ ఉత్తరం తెరిచి ఉంది. కోదండపాణి గారు గదిలో లేరు. పైడిరత్నం రెండో పేజీని అక్కడున్న జిరాక్స్ యంత్రంలో పెట్టింది. దొంగతనం చేస్తున్నట్టు గుమ్మం వైపు చూస్తూ మీట నొక్కింది. తన సీటుకు వచ్చి, నోటుబుక్కు తీసి, ఒక్కొక్క నంబరే వేలు పెట్టి చూసుకుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండానే లెక్క తేలింది. ముప్పై ఏడు మంది. ఏడో పేరు సుభాషిణి.

నోటుబుక్కు పట్టుకొని సరాసరి డైరెక్టరు గదిలోకి వెళ్లింది. కోదండపాణి గారూ అక్కడే ఉన్నారు.

"సార్, మన దగ్గర లెక్క ఉందండి. ముప్పై ఏడు మంది. ఫోన్ చేసి రమ్మంటే ఒక్క రోజులో చెప్పేయొచ్చండి."

మన్మథరావు గారు పుస్తకం తిరగేసి, మూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"రత్నం, ప్రశాంతంగా ఆలోచించు. ఇది చెబితే ముప్పై ఏడు మంది భయపడతారు. చెప్పకపోతే ఒక్కరూ భయపడరు. డాక్టరుగా నా డ్యూటీ ఏంటి? భయం పెంచడమా, తగ్గించడమా?"

"చెప్పకపోతే లోపల పగిలి..."

కోదండపాణి గారు చూపుడు వేలు ఎత్తారు.

"ఆకృతి విముక్తి పొందీసిందండి" అని పైడిరత్నం దిద్దుకుంది. "చంకలోకి అంతర్గత సంచారం చేస్తున్నాది. టీచరమ్మకి నిమ్మకాయంత గడ్డ తేలింది. నాను చూసేను సార్."

"ఆ పుస్తకాన్ని వెంటనే ఆ ముక్కలు చేసే మెషిన్‌లో వేయండి" అన్నారు డైరెక్టరు, కోదండపాణి గారి వైపు తిరిగి.

కోదండపాణి గారు తల అడ్డంగా ఊపారు. "వీలు పడదు సార్. సంస్థ ఆస్తిని నాశనము చేయవలెనన్న, ముందు దానిని ఆస్తుల పట్టికలో నమోదు చేయవలెను. నమోదు చేసినచో రిజిస్టరు ఉన్నట్లు ఒప్పుకొన్నట్లగును. లేదని ఇప్పటికే ఇన్నూరు మందికి వ్రాతపూర్వకముగా తెలియజేసియున్నాము. లేని పుస్తకమును నాశనము చేయుటకు నిబంధన లేదు."

ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఒక నిబంధనను కూడా దాటలేదు. ఆ విధంగా, లేని పుస్తకం మళ్లీ పైడిరత్నం సొరుగులోకే వెళ్లింది.

ఫోన్లు మాత్రం తగ్గలేదు. గేటు దగ్గర ఇద్దరు విలేకరులు కాపు కాశారు. దాంతో డైరెక్టరు గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పేషెంట్లందరినీ ఒక చోటికి పిలిచి, టీవీల ముందు, తాము ధైర్యంగా ఉన్నామని వాళ్ల చేతే అనిపించాలి. పెద్ద హోటల్లో హాలు మాట్లాడారు. పేరు 'ధైర్య సదస్సు'. నిపుణులు సందేహాలు తీరుస్తారని, ఫోన్ చేసినవాళ్లకూ భయ నమోదు పత్రాలు నింపినవాళ్లకూ ఆహ్వానాలు వెళ్లాయి. ఎవరు ఎవరో తెలియకూడదు కాబట్టి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ గుమ్మంలో నెమలి రంగు ముసుగు ఒకటి, 'నేను ధైర్యశాలిని' అన్న బ్యాడ్జీ ఒకటి ఇచ్చే ఏర్పాటు జరిగింది. అవి పంచే పని పైడిరత్నానికి పడింది.

ఆదివారం ఉదయం పది గంటలకు అరవై నాలుగు మంది ముసుగులతో బారులు తీరి కూర్చున్నారు. ముసుగు వేసుకున్నా గాజుల చప్పుడును బట్టి, దగ్గును బట్టి ఒకళ్లనొకళ్లు పోల్చుకుంటూనే ఉన్నారు. "మీరు మా బ్యాంకు మేడమ్ కదూ?" "ఇష్, ఇక్కడ కాదు." వెనక రెండు వరసల్లో భర్తలు, వాళ్ల వెనక కెమెరాలు. సుభాషిణి టీచరు మూడో వరస చివర కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకొని, కదపకుండా.

పైడిరత్నం ఆమెకు బ్యాడ్జీ గుచ్చబోతే టీచరు వారించింది. "ఎడమ పక్క వద్దమ్మా, తగిలితే ప్రాణం పోతోంది." అని, మెల్లగా అంది, "టీవీ వాళ్లను అడగమన్నారు కదా, అడిగేను. వాళ్లు నవ్వేరు."

ఆ ఉత్తరం టైపు చేసిన వేళ్లతోనే పైడిరత్నం ఆ బ్యాడ్జీ పట్టుకొని ఉంది. నోటుబుక్కు ఆమె చేతిసంచిలో ఉంది. ఎందుకు తెచ్చిందో అప్పటిదాకా తనకే తెలియదు. మైకు దగ్గరికి వెళ్లి చదివేద్దామా అనుకుంది. చదవాలంటే పేర్లు చదవాలి. ఇన్ని కెమెరాల ముందు ఎవరి లోపల ఏముందో చాటింపు వేస్తే, తన కంటే అప్పుడు ఆసుపత్రి హాల్లో అరిచిన ఆ అత్తగారే నయం. అలాగని ఊరుకోవడం ఇంక తన వల్ల కాదు.

వేదిక మీద మన్మథరావు గారు మొదలుపెట్టారు. "అమ్మలారా! అక్కలారా! ధైర్యమనేది బయట ఉండదు. లోపల ఉంటుంది. మేము పెట్టాం..."

పైడిరత్నం టీచరు చెవి దగ్గర వంగింది. "టీచరమ్మా, ఒక్కసారి బాత్రూం కాడికి రండి."

ఆడవాళ్ల బాత్రూంకి ముందు చిన్న గది ఉంది. అద్దాలు, చేతులు కడుక్కునే తొట్లు. తలుపు వేసి, పైడిరత్నం నోటుబుక్కు తెరిచి ఏడో పేరు చూపించింది. పక్కన కంపెనీ కాగితం పెట్టింది. టీచరు రెండు నంబర్లనూ వేలితో పోల్చుకుంది. ముసుగు తీసేసింది.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"పది రోజులండి. ఫోన్ చేసినప్పుడు తెల్దండి. తెల్దు గాని... తెలుసుకోలేదండి. నవ్వుతూ ఉండమన్నాను. తిట్టండి టీచరమ్మా, కొట్టినా పడతాను."

టీచరు కొట్టలేదు. తొట్టి మీద వంగి నీళ్లతో మొహం కడుక్కొని, "ఈ పుస్తకంలో ఉన్నవాళ్లు ఆ హాల్లో ఎంతమంది?" అని అడిగింది.

"ఇరవై మూడు మందండి. ముసుగులిచ్చినప్పుడు లెక్కెట్టేను."

"మిగిలినవాళ్లకీ చెప్పాలి. లేదని తెలిసినా నిద్రపడుతుంది కదా. నువ్వు కుర్చీ వేసుకొని కూర్చో. నేను పంపిస్తాను."

ముప్పై ఏళ్లుగా పిల్లల్ని వరసల్లో నడిపించిన మనిషి. ముసుగు మళ్లీ తగిలించుకొని హాల్లోకి వెళ్లి, మూడో వరస చివరి నుంచి ఒక్కొక్కరి భుజం తట్టింది. చెవిలో ఒక్క మాట. వాళ్లు లేచి, నిశ్శబ్దంగా, ఒకరి వెనక ఒకరు నడిచారు. మూడో వరస అయ్యాక రెండో వరస. ఎవరూ తోసుకోలేదు.

లోపల పైడిరత్నం ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, ఎదుటి మనిషికి తప్ప ఇంకెవరికీ వినపడని గొంతుతో చెప్పింది. కంపెనీ కాగితంలో నంబరు ఉన్నవాళ్లతో, "ఉందమ్మా. రేపే స్కానింగ్ తీయించుకోండి. ఇదీ నంబరు" అని చీటీ రాసి ఇచ్చింది. వాళ్లలో ఎక్కువమంది ఏడవలేదు. చీటీ మడిచి జాకెట్లో పెట్టుకున్నారు. లేనివాళ్లే గోడకు ఆనుకొని వెక్కివెక్కి ఏడ్చారు. చూస్తుండగా అద్దాల కింద తీసేసిన ముసుగులు కుప్పపడ్డాయి. బ్యాంకు మేడమ్ తన ఎదురింటావిడను కావలించుకొని, "మీరూనా! నాలుగేళ్లుగా యోగా వల్ల అని చెప్పేరు కదండీ!" అంది.

హాల్లో మన్మథరావు గారు ధైర్యానికి గల ఐదు లక్షణాల్లో నాలుగో లక్షణం చెబుతూ తల ఎత్తారు. ముందు కుర్చీలన్నీ ఖాళీ. వెనక భర్తలు ఉన్నారు, కెమెరాలు ఉన్నాయి. కెమెరాలు ఆయన్ని వదిలేసి ఖాళీ కుర్చీలను తీసుకుంటున్నాయి.

కోదండపాణి గారు పరుగున బాత్రూం దగ్గరికి వచ్చి, తలుపు మీద గౌరవప్రదంగా తట్టారు. "లోపల ఏమి జరుగుచున్నది?"

"ఆడాళ్లున్నారండీ!" అని నలభై గొంతులు ఒక్కసారి అరిచాయి.

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. స్త్రీల మరుగుదొడ్డిలోకి పురుష అధికారి ప్రవేశించడానికి ఏ నిబంధనా లేదు. కాసేపు ఆలోచించి, జేబులోంచి కాగితం తీసి, గోడకు ఆనించి మెమో రాశారు. "అనధికార సమావేశమును తక్షణమే విరమించవలెను. సంజాయిషీ మూడు దినములలోగా" అని సంతకం పెట్టి, తలుపు కిందనుంచి లోపలికి తోశారు. లోపల నేలంతా నీళ్లు. ఎవరో దాని మీద కాలు పెట్టి తొట్టి దగ్గరికి వెళ్లారు.

సుభాషిణి టీచరుకు మూడు రోజుల తర్వాత ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. పొర రెండు చోట్ల చిరిగి ఉంది. అక్కడి సర్జను నలభై ఏళ్లు కూడా లేని అమ్మాయి. పగిలిందాన్ని పగిలింది అనే చెప్పింది. చంకలో గడ్డ మాత్రం క్యాన్సర్ కాదు. కారిన సిలికాన్ చేరి గడ్డ కట్టింది. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే తీయడం కష్టమయ్యేదట. ముప్పై ఏడు మందిలో పదకొండు మందికి అప్పటికే పగిలాయని స్కానింగుల్లో తేలింది. హాలుకు రాని పద్నాలుగు మందికీ టీచరూ పైడిరత్నమూ ఫోన్లు చేశారు. ఈసారి చేతిలో కాగితం లేదు. ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి తిలోత్తమ ఆపరేషన్ థియేటరుకు తాళం వేశారు. 'ప్రశాంతత నిమిత్తము థియేటరునకు విశ్రాంతి ఇవ్వడమైనది' అని తాళం పక్కనే బోర్డు వెలిసింది.

పైడిరత్నం ఉద్యోగం సదస్సు జరిగిన మర్నాడే పోయింది. వారం తర్వాత టీచరును చూడడానికి వార్డుకు వచ్చినప్పుడు, టీచరు మంచం మీద వెనక్కి చేరగిలబడి ఉంది. చీర కొంగు కింద ఎడమ పక్క కట్టు పల్చగా, చదునుగా ఉంది.

"మళ్లీ పెట్టించుకుంటారా టీచరమ్మా?"

"చూద్దాం. ముందు ఇలా వెళ్లి పిల్లల ముందు నిలబడతాను. పది రోజులు చూస్తారు, తర్వాత వాళ్లకే విసుగొస్తుంది. అది సరే, నిన్ను ఎందుకు తీసేసేరని రాసేరు?"

పైడిరత్నం సంచిలోంచి కాగితం తీసి చదివింది. "సంస్థలో లేని రిజిస్టరును సంస్థ వెలుపలికి తీసుకొనిపోయినందుకు."

టీచరు పెదవులు బిగించుకుంది. "ఇంకేమైనా ఉందా?"

"పేపర్ల వాళ్లకి ఒక ప్రకటన ఇచ్చేరండి. చదవమంటారా?"

"చదువు."

పైడిరత్నం గొంతు సవరించుకొని, కోదండపాణి గారి లాగే నిటారుగా కూర్చొని చదివింది. "తిలోత్తమ వారి ధైర్య సదస్సు దిగ్విజయముగా ముగిసినది. డైరెక్టరు గారి ప్రసంగము పూర్తియగు సమయమునకు సభాస్థలిలో భయపడుచున్న మహిళ ఒక్కరును మిగిలియుండలేదు."

టీచరుకు నవ్వు ఆగలేదు. కట్టు మీద చెయ్యి అదిమిపెట్టుకొని, మూలుగుతూ, కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వింది. పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"నవ్వించకమ్మా, కుట్లు లాగుతున్నాయి" అంది టీచరు, ఊపిరి అందుకుంటూ. "ఏదీ, మళ్లీ చదువు."